నాయనకు గుర్తున్న బస్సు

మా నాయన ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరైనాడు. సర్వీసులో ఎక్కువ కాలం తిరుమల ఘాట్ రోడ్డే. ఈమధ్య న్యుమోనియా ముదిరి, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి, తిరుపతిలోనే ఒక ఆస్పత్రి ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నాడు. ప్రాణం దక్కింది. కానీ ఆ రోజుల గురించి ఆయన చెప్పేది వేరు. కొండ దిగే దారిలో బస్సుకు బ్రేకులు పడటం లేదట, తనను సీటుకు కట్టేశారట, వెనక జనం కేకలట. మేం రోజూ పోయి చెయ్యి పట్టుకుని మాట్లాడింది ఒక్కటీ గుర్తులేదు. "మీరెవురూ రాలేదు కదా" అంటే అమ్మ లోపలికి పోయి ఏడ్చింది.

బంధువులు గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించమన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. ఇది డెలీరియం. మత్తుమందులు, ఇన్ఫెక్షన్, రాత్రీ పగలూ ఒకేలా వెలిగే లైట్లు, నిద్ర లేకపోవడం, అన్నీ కలిసి మెదడును తికమక పెడతాయి. 2013లో అమెరికాలో 821 మంది ఐసీయూ రోగుల మీద చేసిన పరిశోధన అచ్చయింది. వాళ్లలో 74 శాతం మందికి డెలీరియం వచ్చింది. ఏడాది తర్వాత పరీక్షిస్తే, దాదాపు నలుగురిలో ఒకరి జ్ఞాపకశక్తి, ఆలోచన తేలికపాటి అల్జీమర్స్ ఉన్నవాళ్ల స్థాయిలో ఉన్నాయి. నాయన కూడా బీపీ మాత్ర వేసుకున్నదీ లేనిదీ మర్చిపోతున్నాడు, చిల్లర లెక్క తప్పుతున్నాడు. రివ్యూకు పోయినప్పుడు ఇవన్నీ డాక్టరుకు చెప్పాలి. ఊపిరితిత్తులు బాగున్నాయంటే సరిపోదు.

జరిగినవి చెరిగిపోయి, జరగనివి గట్టిగా నిలిచిపోవడం ఈ జబ్బులో మామూలేనట. అందుకే కొన్ని దేశాల్లో నర్సులు, ఇంటివాళ్లు కలిసి రోగి కోసం రోజువారీ డైరీ రాస్తారు. నేను ఇంటికొచ్చాక మొదలుపెట్టాను. ఆస్పత్రి బిల్లులు, అన్న వాట్సాప్ మెసేజీలు ముందేసుకుని, "ట్యూబు పీకేస్తాడని ఈరోజు చేతులకు గుడ్డ కట్టారు, అమ్మ పక్కనే ఉంది" అని రాశాను. నాయన అది రెండుసార్లు చదివాడు.

"అయితే కట్టేసింది నిజమే కదా పాపా?"

"నిజమే నాయనా. కేకలంటివే, అవి మానిటర్ అలారాలు."

బస్సు అబద్ధమని నేను వాదించలేదు. ఆయన పడిన భయం అబద్ధం కాదు కదా. ఆరోజు నుంచి కొంచెం నిద్రపోతున్నాడు. వెంటిలేటర్ తీసిన రోజు పేజీ ఇంకా ఖాళీగా ఉంది. ఆ పూట లోపల ఉన్నది అన్న, ఆదివారం వచ్చి తనే రాస్తానన్నాడు.