బరువు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ మోయాలి

మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా అమెరికాలో సుమారు 4,265 కిలోమీటర్లు సాగే కాలినడక దారి అయిన పసిఫిక్ క్రెస్ట్ ట్రయిల్‌కు సిద్ధమయ్యేవారు తిండి, నీళ్లు, ఇంధనం మినహా మిగిలిన సామాను బరువును ముందుగా లెక్కవేసుకుంటారు. అది నాలుగున్నర కిలోల లోపుంటే అల్ట్రాలైట్ (అతి తేలిక) అంటారు. ఆ అంకె కోసం ప్రతి వస్తువులోనూ కోత పెట్టడం నాకు సమ్మతం కాదు. బ్యాగు, టెంటు, స్లీపింగ్ బ్యాగు, ఈ మూడింట్లో తగ్గే బరువు టూత్‌బ్రష్ పిడి కోసినంత మాత్రాన తగ్గదు. బాతు నూగు నింపిన క్విల్ట్ (స్లీపింగ్ బ్యాగుకు బదులు కప్పుకునే దుప్పటి) ఎంతో తేలికే గానీ, తడిస్తే నూగు ఉండలు కట్టి వెచ్చదనం పోతుంది కనుక, వానలు ఎక్కువగా పడే వాషింగ్టన్ రాష్ట్ర భాగంలో దాన్ని నీరు చొరబడని సంచిలో ఉంచి తీరాలి. ఈ దారిలోనే వచ్చే సియెరా నెవాడా పర్వతాల్లో చాలాచోట్ల ఆహారాన్ని ఎలుగుబంట్లకు చిక్కకుండా దాచే గట్టి డబ్బా తప్పనిసరి. కిలోకు పైగా తూగే ఆ డబ్బాను ఫ్రేమ్ (లోపలి గట్టి చట్రం) లేని సంచిలో నిలబెడితే దాని అంచు వెన్నుకు ఒరుసుకుంటుంది. అందుకే అక్కడికి ఫ్రేమూ, బరువును తుంటి మీదికి దించే బెల్టూ ఉన్న కాస్త బరువైన బ్యాగునే నేను ఎంచుకుంటాను.