కావరే యనడు

వైశాఖ శుద్ధ చతుర్దశి వచ్చేసరికి హైదరాబాద్‌లో ఎండలు ముదిరిపోతాయి. అయినా నరసింహ జయంతికి ఉప్పల్‌లో యాదగిరిగుట్ట బస్సులు కిటకిటలాడతాయి. గుట్టకు వెళ్ళలేనివాళ్ళు సాయంత్రం ఇంట్లోనే పానకం, వడపప్పు నైవేద్యం పెట్టుకుంటారు. పోతన పద్యం చదవమంటే చాలామంది ‘మందార మకరంద’ అందుకుంటారు, బడిలో బట్టీపట్టిందే కదా. నాకు మాత్రం ఆ పూట ముందు గుర్తొచ్చేది ఇది:

పాఱడు లేచి దిక్కులకు, బాహువు లొడ్డడు, బంధురాజిలో
దూఱడు, ఘోరకృత్యమని దూఱడు, తండ్రిని మిత్రవర్గముం
జీఱడు, మాతృసంఘము వసించు సువర్ణగృహంబులోనికిం
దాఱడు, కావరే యనడు, తాపము నొందడు, కంటగింపడున్.

హిరణ్యకశిపుడు కొడుకు ప్రహ్లాదుడికి మరణశిక్ష వేశాడు. పిల్లవాడికి అయిదేళ్ళు. రాక్షసులు శూలాలతో పొడుస్తుంటే వాడు ఏం చేశాడో చెప్పడానికి పోతన ఏం చేయలేదో చెబుతున్నాడు. పారిపోలేదు. చేతులు అడ్డం పెట్టలేదు. చుట్టాల మధ్య దూరలేదు. ఇదేం ఘోరమని తిట్టలేదు. నాన్ననీ, స్నేహితుల్నీ పిలవలేదు. తల్లులుండే బంగారు మేడలోకి జారుకోలేదు. కాపాడండి అనలేదు. కుమిలిపోలేదు. చివరికి పగ కూడా పెట్టుకోలేదు. తొమ్మిది క్రియలుంటే తొమ్మిదీ లేదనేవే.

ఇది మొండితనం కాదా అని అడగొచ్చు. మొండివాడు ఎదుటివాణ్ణే చూస్తూ ఉంటాడు, పళ్ళు కొరుకుతాడు. ప్రహ్లాదుడి చూపు అటు లేనేలేదు. ‘పన్నగశాయి’ అంటూ తన స్వామిని పిలుచుకుంటున్నాడు, అంతే. నియంతకు కావలసింది ప్రాణం ఒక్కటే కాదు, దానికంటే ముందు భయం కావాలి. ఏడుపో, బతిమాలడమో, కనీసం ఒక తిట్టో వస్తే తన దెబ్బ తగిలిందని అతనికి తెలుస్తుంది. ఇక్కడ అదేదీ రాలేదు.

ఆ తర్వాత తండ్రి నోట పోతన పలికించిన పద్యం చూడండి. ముంచితి, ద్రొబ్బించితి, పొడిపించితి, శపించితి... అన్నీ ‘చేశాను, చేయించాను’ అనే మాటలే. ఏనుగులు, పాములు, విషం, నిప్పు, నీళ్ళు అన్నీ అయిపోయాక ఆ లెక్కంతా అప్పజెప్పి, వీడు చావడేమిటని విస్తుపోతాడు. తన చావు వీడి వల్లే వస్తుందేమోనన్న టెన్షన్ అప్పుడు మొదలైంది. స్తంభం ఇంకా పగలలేదు, నరసింహుడు ఇంకా రాలేదు. నా లెక్కలో ఆ రాజు ఓడిపోయింది ఇక్కడే.

గోల్కొండలో రామదాసు చెర చూసినవాళ్ళకు ఒక సందేహం రావాలి. గోల్కొండ సుల్తాను తానీషా 1672 నుంచి 1687 దాకా ఏలాడు. ఆయన కాలంలోనే రామదాసు, అసలు పేరు కంచెర్ల గోపన్న, భద్రాద్రి గుడికి సర్కారు సొమ్ము ఖర్చుపెట్టాడని జైల్లో పడ్డాడు. ఆయన ఏడ్చాడు, తిట్టాడు, ఏ నగకెంత అయ్యిందో లెక్కలు చెప్పి మరీ నిలదీశాడు. అయితే ఆయన భక్తి తక్కువదా? నేనలా అనుకోను. మనం పాడుకునే ఆ కీర్తనల్లో నిలదీసింది రాముణ్ణే, సుల్తానును కాదు. పిల్లవాడు మౌనంగా, గోపన్న గోలగా చేసింది ఒకటే. తలుపు తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆయనతో ఇద్దరికీ పని లేదు. నొప్పి భరించలేక కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళకు ఈ పద్యం చూపించి ‘ప్రహ్లాదుడు ఏడ్చాడా’ అని దెప్పేవాళ్ళుంటే, వాళ్ళను గోల్కొండ తీసుకెళ్ళాలి.

ఏమీ చేయని పిల్లవాడు ఆ తర్వాత ఒక పని చేశాడు. రాజు భయం చూసి గురువులు చండామార్కులు ఓ ఉపాయం చెప్పారు. శుక్రాచార్యులవారు వచ్చేదాకా వీణ్ణి వరుణపాశాలతో కట్టి ఉంచండి, వయసొస్తే బుద్ధి అదే వస్తుందని. మళ్ళీ అదే బడికి పంపారు. అయ్యవార్లు ఇంటిపనుల మీద వెళ్ళగానే ప్రహ్లాదుడు తోటి పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని హరి కథ మొదలుపెట్టాడు. వాళ్ళంతా రాక్షసుల పిల్లలే. ఆటబొమ్మలు పక్కన పెట్టి విన్నారు. సంగతి తెలిసి గురువులు హడలిపోయి రాజు దగ్గరికి పరుగెత్తారు. ఈసారి ఫిర్యాదు ఒక్క కుర్రాడి మీద కాదు, బడి మొత్తం మీద.