నీడ అంచు కోసం: చంద్రగ్రహణం ఫొటోలతో నా అనుభవం

2023 అక్టోబర్ 28 అర్ధరాత్రి దాటాక తీసిన ఫొటోలు నా దగ్గర ఇంకా ఉన్నాయి. ఒంటిగంటా ఐదు నిమిషాలకు మొదలైన పాక్షిక గ్రహణం అది. చంద్రుడి వ్యాసంలో ఎనిమిదో వంతే నీడలో మునిగింది. కంటికి ఆ కొరుకుడు స్పష్టంగా కనపడింది కానీ, నా ఫొటోల్లో మాత్రం తెల్లటి బిళ్ళ తప్ప ఇంకేమీ లేదు. కెమెరాను ఆటో మోడ్‌లో పెట్టాను, అంటే లెక్కలన్నీ దానికే వదిలేశాను. చుట్టూ ఉన్న చీకటిని చూసి అది వెలుతురు చాలదనుకుని ఎక్కువసేపు తెరుచుకుంది, దాంతో చంద్రుడు మాడిపోయాడు. ఆ రాత్రి చాలా బాధపడ్డాను.

అప్పటినుంచి ప్రతి పౌర్ణమికీ సాధన చేశాను. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, 70-300 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్, ఒక మామూలు ట్రైపాడ్. పున్నమి చంద్రుడంటే ఎండ పడుతున్న బండరాయే. రాత్రిపూట ఉన్నాడు కదా అని చీకటి లెక్క వేయకూడదు, పగటి లెక్కే వేయాలి. ఇది మనసుకెక్కడానికి నాకు రెండు మూడు నెలలు పట్టింది. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే చురుకు) 200, ఎపర్చర్ (లెన్స్ తెరుచుకునే వెడల్పు) ఎఫ్ 8, షట్టర్ స్పీడ్ (తెరిచి ఉంచే సమయం) 1/400 సెకను దగ్గర నాకు కుదిరింది. ఫోకస్‌కి ఆటోను నమ్మలేదు. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక స్క్రీన్ మీద, పది రెట్లు పెద్దది చేసి, చంద్రుడి దక్షిణాన ఉండే టైకో అనే గుంత అంచు పదునుగా కనిపించేదాకా రింగును వెంట్రుకవాసి చొప్పున తిప్పేవాణ్ణి.

2025 సెప్టెంబర్ 7 ఆదివారం, భాద్రపద పౌర్ణమి. సంపూర్ణ గ్రహణం, అదీ హైదరాబాద్‌లో మొదటి నుంచి చివరిదాకా కనపడేది. ముందురోజే నిమజ్జనం అయింది, ఊరంతా అలసిపోయి పడుకున్నట్టుంది. మధ్యాహ్నం నుంచే అమ్మ పచ్చడి జాడీల మీదా పాలగిన్నె మీదా దర్భలు వేస్తోంది. టీవీలో తిరుమల ఆలయం తలుపులు మూయడం చూపిస్తున్నారు. నేను వేళలు కాగితం మీద రాసుకుంటుంటే అమ్మ తన పంచాంగం తెచ్చి పక్కన పెట్టింది. స్పర్శ, నిమీలనం, మధ్యం, ఉన్మీలనం, మోక్షం. నీడ తాకడం, చంద్రుడు పూర్తిగా మునగడం, నడిమధ్య, మళ్ళీ వెలుగు తొంగిచూడడం, పూర్తిగా బయటపడడం. నేను ఇంగ్లీషులో అక్షరాలూ అంకెలూ కలిపి రాసుకున్న ఐదు ఘట్టాలూ ఇవే. నిమీలనం అంటే కన్ను మూయడం, ఉన్మీలనం అంటే కన్ను తెరవడం. ఇంత చక్కటి మాటలు ఇంట్లోనే ఉన్నాయని అప్పటిదాకా నాకు తెలియదు. కాగితం చింపేసి అమ్మ మాటలతోనే తిరగరాశాను: స్పర్శ 9:57, నిమీలనం 11:01, మధ్యం 11:42, ఉన్మీలనం 12:23, మోక్షం 1:26.

తొమ్మిదింటికి డాబా ఎక్కాను. అమ్మ ‘మబ్బులున్నాయి కదరా నాన్నా’ అంది కానీ వద్దనలేదు. నిజంగానే పడమటి నుంచి మబ్బుతునకలు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. టెన్షన్ మొదలైంది. 2018 జులై 27న ఈ శతాబ్దంలోకెల్లా పొడవైన గ్రహణం, 103 నిమిషాల సంపూర్ణ దశ ఉన్నది, ఇలాగే మబ్బుల పాలై చూడలేకపోయాను. ఆ దిగులు ఇంకా పోలేదు.

కెమెరా స్క్రీన్ తిరిగే రకం కాదు. గ్రహణం ముదిరేవేళకు చంద్రుడు నడినెత్తికి దగ్గరగా, దాదాపు 65 డిగ్రీల ఎత్తుకు వస్తాడు కాబట్టి చాప పరుచుకుని, దాదాపు నేల మీద వాలి చూడాల్సి వచ్చింది. లెన్స్‌లో వణుకు తగ్గించే మీట ఆపేశాను. ట్రైపాడ్ మీద అది ఉంటే సాయం చేయకపోగా బొమ్మను కదుపుతుంది. వేలు తగలకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టాను. అన్నీ రా ఫైళ్ళే, అంటే కెమెరా కుదించకుండా దాచే ముడి ఫొటోలు.

స్పర్శ వేళకు ముందే చంద్రుడి ఎడమ అంచు కాస్త మసకబారింది, అది పలచటి నీడ. 9:57 దాటాక అసలు నీడ అంచు కనిపించింది. ఐదు నిమిషాలకోసారి రెండేసి ఫొటోలు తీశాను, వెలుగు భాగం కోసం ఒకటి, నీడ భాగం కోసం ఎక్కువసేపు తెరిచి ఇంకొకటి. రెండూ ఒకే ఫొటోలో రావు. పది ఇరవైకి తీసినవాటిని వెనక్కి తిప్పి చూస్తే చంద్రుడు ముందటికంటే చిన్నగా ఉన్నాడు! కెమెరా అంత పైకి చూస్తుంటే లెన్స్ బరువుకి జూమ్ దానంతటదే జారి 300 నుంచి 270 దగ్గరికి వచ్చేసింది. ఇలాంటి లెన్స్ ఉన్నవాళ్ళు జూమ్ రింగుకి ముందే టేపు వేసుకోండి. నేను జూమ్ సరిచేసి, మళ్ళీ ఫోకస్ చూసుకుని, రెండు రింగులకీ కలిపి టేపు చుట్టాను. వెలుగు ఉన్నప్పుడే ఆ పని అయిపోవాలి, చంద్రుడు పూర్తిగా మునిగాక ఫోకస్ దొరకడం చాలా కష్టం.

పదిన్నరకు పెద్ద మబ్బు వచ్చి పావుగంట కదల్లేదు. ఏం చేయాలో తోచక కెమెరా మీద తువ్వాలు కప్పి కూర్చున్నాను.

మబ్బు తొలిగేసరికి చంద్రుడు సన్నటి గోరంత మిగిలాడు. నిమీలనానికి ఇంకా కొద్ది నిమిషాలే ఉంది. ఈ కొద్ది నిమిషాల కోసమే నేను రెండేళ్ళు ఎదురుచూశాను. తెలుపుకీ ఎరుపుకీ మధ్య, నీడ అంచు వెంబడి, లేత నీలం చార ఒకటి ఉంటుంది. భూమి వాతావరణంలో పై పొరల గుండా వంగి వచ్చే వెలుతురులో ఎరుపును ఓజోన్ కొంత పీల్చేసుకుంటుంది, అందుకే అక్కడ నీలం. ఇంకా కింది పొరల గుండా వచ్చిన వెలుతురులో నీలం చెదిరిపోయి ఎరుపే మిగులుతుంది. కంటికి ఆ చార ఉందా లేదా అన్నట్టుంది. షట్టర్ 1/8 సెకను దగ్గర తీసిన ఫొటోలో మాత్రం, పెద్దది చేసి చూస్తే, తెల్లటి గోటి లోపలి అంచున నెమలికంఠం రంగు గీతలా నిలిచింది. మన తలల మీదున్న ఓజోన్ పొరను చంద్రుడి మీద చూస్తున్నానన్నమాట. ఆ క్షణం నాకు ఒళ్ళు పులకరించింది.

11:01కి చంద్రుడు రాగి చెంబు రంగులో గుండ్రంగా వేలాడాడు. నక్షత్రాలు బయటికొచ్చాయి, కాస్త తూర్పుగా శనిగ్రహం తేరుకుని కనపడింది. ఇక్కడ వెలుతురు ఎంత పడిపోతుందో చెప్పాలంటే నా అంకెలే సాక్ష్యం. ఐఎస్ఓ 3200, ఎఫ్ 5.6, అర సెకను. పున్నమి లెక్కతో పోలిస్తే కెమెరాకు ఆరువేల రెట్లకు పైగా అదనంగా ఇవ్వాల్సి వచ్చింది. ఇంకాసేపు తెరిస్తే పోదా అంటే, భూమి తిరగడం ఆగదు. నా కెమెరాలో 300 దగ్గర చంద్రుడు సెకనుకు ఐదారు పిక్సెళ్ళు జరుగుతాడు. ఒక సెకను పెట్టిన ఫొటోలన్నీ అలికినట్టు వచ్చాయి. అర సెకనుకు చుక్కలు చుక్కలుగా గరుకు (నాయిజ్) కొంత ఉన్నా అంచులు నిలిచాయి. అలాంటివి పన్నెండు తీసి తర్వాత కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చితే ఆ గరుకు చాలావరకు పోయింది. మధ్యలో రెండుసార్లు లెన్స్ ముందు గాజు మీద తేమ పట్టింది, మెత్తటి పొడి గుడ్డతో అద్దాను.

మోక్షం దాకా ఉన్నాను. కిందికి దిగేసరికి అమ్మ విడుపు స్నానం చేసి, వంటగది కడుగుతోంది.

అసలు పని మర్నాడు చేశాను. పాక్షిక దశలోవి నాలుగు ఫొటోలు ప్రింట్ తీయించి, నీడ వంపు మీద మూడు బిందువులు పెట్టి, స్కూల్లో నేర్పిన పద్ధతిలో వాటి మీదుగా వృత్తం గీశాను. అది భూమి నీడ. నీడ అంచు మసకగా ఉంటుంది కాబట్టి ఒక్కో ఫొటోకి ఒక్కో అంకె వచ్చింది. సగటున చంద్రుడికి 2.6 రెట్లు. జూమ్ జారిన ఫొటో కూడా పనికొచ్చింది, ఎందుకంటే నీడనీ చంద్రుడినీ ఒకే ఫొటోలో పోలుస్తున్నాం. సూర్యుడు మనకంటే పెద్దవాడు కనుక భూమి నీడ దూరం పోయేకొద్దీ సన్నబడుతుంది. ఆకాశంలో సూర్యచంద్రులు దాదాపు ఒకే సైజులో కనపడతారు కాబట్టి, చంద్రుడి దగ్గరికి వెళ్ళేసరికి ఆ తగ్గుదల సుమారు ఒక చంద్రుడంత. దాన్ని కలిపితే 3.6. చంద్రుడి వ్యాసం 3,474 కిలోమీటర్లతో గుణిస్తే భూమి వ్యాసం 12,500 చిల్లర కిలోమీటర్లు వచ్చింది. భూమి అసలు వ్యాసం 12,742.

ప్రింటు వంటగదిలో అమ్మకు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, నేను పెన్సిల్‌తో గీసిన పెద్ద వృత్తం మీద వేలితో చుట్టూ రాసి, ‘ఇదంతా మనమేనా?’ అంది. ఔనన్నాను. ఆ కాగితం ఇప్పుడు అమ్మ పంచాంగంలోనే ఉంది, భాద్రపదం పేజీలో. మన దగ్గర మొదటి నుంచి చివరిదాకా కనపడే సంపూర్ణ గ్రహణం మళ్ళీ 2028 డిసెంబర్ 31 రాత్రి. చలికాలం కాబట్టి మబ్బుల భయం తక్కువ, మంచు పడితే లెన్స్ మీద తేమ ఎక్కువ. ఈలోగా రెండో బ్యాటరీ ఒకటి కొనాలి.