డైవ్ లాగ్ పక్కనే తిండి లెక్క

పగడపు దిబ్బల సర్వేకి వెళ్లిన మారుమూల దీవిలో పెదాలు తిమ్మిరెక్కితే, ఎవరికైనా ముందు తట్టేది డీకంప్రెషన్ జబ్బే, అంటే లోతు నుంచి పైకి వచ్చేటప్పుడు ఒంట్లో గాలి బుడగలు ఏర్పడి వచ్చే జబ్బు. ఆ పగలు డైవ్ చేశాను. రాత్రికి వాంతులు, విరేచనాలు, తెల్లవారేసరికి పెదాల్లో, అరికాళ్లలో చిమచిమలు. అది డీకంప్రెషన్ అయితే రీకంప్రెషన్ చాంబర్‌కి (గాలి ఒత్తిడి పెంచి చికిత్స చేసే గదికి) తరలించాలి. కాకపోతే చాంబర్ వల్ల ఒరిగేదేమీ లేదు. విషయం తేలేదాకా నూరు శాతం ఆక్సిజన్ పెట్టి ఉంచారు, అదే సరైన పద్ధతి. తేలింది మాత్రం ఎవరేం తిన్నారో రాసే వంటగది పుస్తకంలో. నీళ్లలో దిగని పడవ కుర్రాడికీ అవే లక్షణాలు. ఇద్దరం తిన్నది ఒకే పెద్ద గ్రూపర్ చేప. సిగ్వటెరా అన్నమాట, అంటే పగడపు దిబ్బల చేపల వల్ల కలిగే విషప్రభావం.

చచ్చిన పగడం మీద పెరిగే నాచును అంటుకుని గాంబియర్‌డిస్కస్ అనే సూక్ష్మజీవి బతుకుతుంది. దాని విషం నాచు తినే చేపల్లోకి, వాటిని మింగే బారాకుడా, మోరే ఈల్, గ్రూపర్లలోకి చేరి పేరుకుంటుంది. తల, కాలేయం, గుడ్లలో మరీ ఎక్కువ. ఉడికించినా, వేయించినా, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. రుచిలో, వాసనలో తేడా ఉండదు. ఈగలు వాలాయనో, వెండి నాణెం నల్లబడలేదనో నమ్మి తినడం ప్రమాదం.

కడుపు బాధ త్వరగానే సద్దుమణిగింది, నరాల బాధ వదల్లేదు. స్టీలు గ్లాసులో చల్లటి నీళ్లు పట్టుకుంటే వేళ్లు చురుక్కున కాలాయి. నరాల్లోని సోడియం చానెళ్లను (సోడియం లోపలికి వెళ్లే దారులను) విషం తెరిచి ఉంచడం వల్ల ఇలా జరుగుతుంది. పళ్లు వదులైనట్టు, రాత్రుళ్లు ఒళ్లంతా దురద. గోరువెచ్చటి నీళ్లే తాగాను, వాటితోనే స్నానం.

విరుగుడు మందు లేదు. లీటరు నీటికి ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి కొద్దికొద్దిగా తాగించడం, గంటగంటకూ నాడి, రక్తపోటు రాసుకోవడం ముఖ్యం. నాడి బాగా మందగిస్తే దాన్ని వేగం చేసే అట్రోపిన్ మందు అవసరపడుతుంది, అంటే దీవి వదలాల్సిందే. మానిటాల్ అనే మందును నరంలోకి ఎక్కించడం మీద ఒకప్పుడు గట్టి నమ్మకం ఉండేది. కుక్ దీవుల్లోని రారోటోంగాలో జరిపి 2002లో ప్రచురించిన డబుల్ బ్లైండ్ పరీక్షలో (ఎవరికి ఏ మందు ఇచ్చారో రోగికీ, డాక్టర్‌కీ తెలియని పరీక్షలో) అది సెలైన్ కంటే మెరుగని తేలలేదు. నరాల నొప్పికి డాక్టర్ గాబాపెంటిన్ రాశారు.

కోలుకునే కాలమే అసలు పరీక్ష. ఆరు నెలలు చేప, మద్యం, గింజపప్పులు, కాఫీ మానమన్నారు. వీటిలో ఏది తిన్నా, ఒళ్లు బాగా అలిసినా లక్షణాలు తిరగబెట్టవచ్చు. చిమచిమలు పూర్తిగా పోయేదాకా డైవింగ్ కూడా వద్దు. పాత తిమ్మిరి ఉండగా కొత్త డీకంప్రెషన్ జబ్బును గుర్తుపట్టడం ఎవరి తరమూ కాదు.

ఫీల్డ్ స్టేషన్లన్నిటికీ నా విన్నపం: డైవ్ లాగ్ పక్కనే తిండి లెక్క రాయండి. చేప జాతి, బరువు, ఏ దిబ్బ దగ్గర పట్టారు, ఎవరు ఏ భాగం తిన్నారు. వండే ముందు ఒక ముక్క తీసి, తేదీ రాసి ఫ్రీజర్‌లో దాచండి. ల్యాబ్ పరీక్షకు ఆ ముక్కే ఆధారం, ఎందుకంటే రోగి రక్తంలో ఈ విషాన్ని పట్టే మామూలు పరీక్ష లేదు.