మనోడు వస్తాడా?

ఎర్ర స్వెట్టర్ వేసుకుని ఆ రైలెక్కడం నాదే తప్పు. 2014 డిసెంబర్ 27, శనివారం. క్రిస్మస్ సెలవులకు మా బావ ఇంటికి వెళ్దామని షికాగో యూనియన్ స్టేషన్‌లో వుల్వరీన్ రైలెక్కాను. మిషిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు పేరు కూడా అదేనని అప్పటికి నాకు తెలియదు. పక్క సీటు పెద్దాయన నెత్తిన నీలం టోపీ, దాని మీద మొక్కజొన్న పసుపులో ఎం అక్షరం. నన్ను ఎగాదిగా చూసి, "ఒహాయో నుంచా?" అన్నాడు. కాదు, హైదరాబాద్ అన్నాను. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. ఎరుపు ఒహాయో స్టేట్ వాళ్ళ రంగట. సరిగ్గా నాలుగు వారాల కిందట వాళ్ళ చేతిలో 42-28తో ఓడిపోయారట. "ఆన్ ఆర్బర్‌లో దిగేముందు మీద కోటు వేసుకో" అని సలహా ఇచ్చాడు. ఆ యూనివర్సిటీ ఉన్న ఊరు అదే. నవ్వుతూనే అన్నాడు గానీ, నేను కోటు గుండీలన్నీ పెట్టుకున్నాను.

ఫుట్‌బాల్ అంటే మన పిల్లలు ఆడేది కాదు, కోడిగుడ్డు ఆకారం బంతితో ఒకరి మీద ఒకరు పడేది. కాలేజీ కుర్రాళ్ళ ఆటే అయినా ఆ రాష్ట్రంలో అది తిరునాళ్ళ లాంటిది. ఆ ఏడాది మిషిగన్ 5 మ్యాచ్‌లు గెలిచి 7 ఓడింది. డిసెంబర్ 2న కోచ్ బ్రేడీ హోక్‌ను తీసేశారు. ఇక అప్పటినుంచి కొత్త కోచ్‌గా అందరి నోటా ఒకే పేరు, జిమ్ హార్బా. ఆయనేమో శాన్‌ఫ్రాన్సిస్కో 49ఆర్స్ ప్రొఫెషనల్ జట్టు కోచ్. వచ్చీ రాగానే వరసగా మూడేళ్ళు జట్టును సెమీఫైనల్ లాంటి మ్యాచ్ దాకా తీసుకెళ్ళాడు, ఒకసారి సూపర్ బౌల్ అనే ఫైనల్ కూడా ఆడించాడు. అందులో 34-31తో ఓడింది ఎవరి చేతిలో అనుకున్నారు? సొంత అన్న కోచ్‌గా ఉన్న బాల్టిమోర్ చేతిలో. అంతటివాడు కాలేజీ పిల్లలకు ఆట నేర్పడానికి ఎందుకొస్తాడు?

పెద్దాయన్ని అదే అడిగాను. రైలు అప్పుడే కలమజూలో ఆగింది. కిటికీలోంచి వేలు చూపించి, "వాళ్ళ నాన్న ఈ ఊళ్ళో కోచ్‌గా చేశాడు. అంతకుముందు ఆన్ ఆర్బర్‌లో. ఆ పిల్లాడు మా స్టేడియం పక్కన పెరిగాడు" అన్నాడు. నా ప్రశ్నకు అది జవాబెలా అవుతుందో నాకు అర్థం కాలేదు. ఆయన మటుకు అన్నీ చెప్పేసినవాడిలా కళ్ళు మూసుకున్నాడు.

స్టేషన్‌కు బావ వచ్చాడు. మా మేనమామ కొడుకు. ఆన్ ఆర్బర్‌లోనే ఎంఎస్ చేసి, పక్కనే ఉన్న కాంటన్‌లో ఇల్లు తీసుకున్నాడు. కార్ల కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాస్తాడు. మామయ్య, అత్తయ్య తెనాలి నుంచి వచ్చి రెండు నెలలైంది. ధనుర్మాసం కదా, అత్తయ్య తెల్లారకముందే లేచి తిరుప్పావై చదువుకుంటోంది. బావ కూడా ఆ వేళకే లేస్తున్నాడు. ఎందుకో మర్నాడు తెలిసింది. హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చుని విమానాలు చూస్తున్నాడు. కాలిఫోర్నియా నుంచి డెట్రాయిట్ వైపు ఏ చిన్న ప్రైవేట్ విమానం బయల్దేరినా ఆ మ్యాప్ మీద చీమలా కదులుతుంటుంది. "ఇది పొద్దున ఆరింటికి శాన్‌హోసేలో లేచింది రా బావా" అంటాడు. అందులో ఎవరున్నారో ఎవరికి తెలుసు? కాసేపటికి ఆ చీమ టెక్సస్ వైపు తిరుగుతుంది. బావ ముఖం వాడిపోతుంది.

"పెళ్ళివారు వచ్చే బస్సు కోసం చూస్తున్నట్టుంది వీడి వాలకం" అన్నాడు మామయ్య.

ఆదివారం సాయంత్రం ఆ ఇంట్లో చూసిన దృశ్యం మరచిపోలేను. టీవీలో డెట్రాయిట్ లయన్స్, గ్రీన్ బే ఆడుతున్నారు. వాళ్ళ గ్రూపులో మొదటి స్థానం ఎవరిదో తేల్చే మ్యాచ్. ఊరంతా చూడాల్సిన ఆట. లయన్స్ 30-20తో ఓడిపోయారు, బావ తలెత్తి చూస్తే ఒట్టు. అదే టైముకి కాలిఫోర్నియాలో 49ఆర్స్ చివరి మ్యాచ్ జరుగుతోంది, అతని కళ్ళు లాప్‌టాప్‌లో ఆ స్కోరు మీదే. వాళ్ళు 20-17తో గెలిచారు. గెలిచిన కాసేపటికే, కోచ్, జట్టు ఒకరికొకరు సెలవు చెప్పుకుంటున్నారని ప్రకటన వచ్చింది. గెలిచిన రోజే పంపేయడం ఏమిటో! సీజన్ మొత్తం చూస్తే 8 గెలుపులు, 8 ఓటములు, యాజమాన్యంతో పొసగడం లేదని ఏడాదంతా వార్తలు. ఇంకో ఏడాది ఒప్పందం ఉండగానే తెగిపోయింది.

బావ సోఫా మీంచి లేచి గోడకు తగిలించిన నీలం జెండాను ఊరికే సర్దాడు. అది వంకరగా ఏం లేదు.

కానీ టీవీలో నిపుణులు మాత్రం, ఆయన కాలేజీకి పోడు, ప్రొఫెషనల్ లీగ్‌లోనే ఉంటాడని చెబుతూనే ఉన్నారు. ఆక్లండ్ అన్నారు, షికాగో అన్నారు. సోమవారం షికాగో బేర్స్ తమ కోచ్‌ను తీసేసేసరికి బావకు టెన్షన్ మొదలైంది. హార్బా ఆటగాడిగా బేర్స్‌కు ఏడేళ్ళు ఆడాడు మరి. షికాగోలో నా రూమ్మేట్, నెల్లూరువాడు, బేర్స్ పిచ్చోడు, ఫోన్ చేసి "మనోడు ఇంటికొస్తున్నాడు" అని కేకలు. అప్పుడు గమనించాను, ఇద్దరూ వాడుతున్నది ఒకే మాట. మిషిగన్ వాళ్ళు 'మిషిగన్ మ్యాన్' అంటారు, అచ్చంగా మన 'మనోడు'. చదువు, ఊరు, పాత గురువు, ఇవన్నీ కలిస్తే మనోడు. డబ్బు గురించి ఆరా తీస్తే, అప్పటికే ఆయనకు ఏటా 50 లక్షల డాలర్లు వస్తున్నాయి. 80 లక్షలు ఇస్తారని పుకారు. "డబ్బు కోసం రాడు, బో కోసం వస్తాడు" అన్నాడు బావ. బో షెంబెక్లర్ మిషిగన్ పాత కోచ్, హార్బా కాలేజీ రోజుల్లో ఆడింది ఆయన దగ్గరే. చనిపోయి అప్పటికి ఎనిమిదేళ్ళు.

నాకు నవ్వొచ్చింది. పోయిన మనిషి కోసం ఉద్యోగం మారేవాళ్ళుంటారా?

ఆ మధ్యాహ్నం ఆన్ ఆర్బర్ ఊళ్ళోకి వెళ్ళాం. చలి చెవులు కొరుకుతోంది. సెలవులు కాబట్టి క్యాంపస్ ఖాళీ. మధ్యలో డయాగ్ అనే మైదానంలో నేల మీద ఇత్తడి రంగులో పెద్ద ఎం అక్షరం పొదిగి ఉంది. మొదటి పరీక్ష రాయకముందు దాన్ని తొక్కితే ఫెయిలవుతారని విద్యార్థుల నమ్మకం. బావ పరీక్షలన్నీ రాసి, పట్టా తీసుకుని, ఇల్లు కొన్నాక కూడా దాని చుట్టూ తిరిగి వెళ్ళాడు. మామయ్య మాత్రం సరిగ్గా దాని మీద నిలబడి ఫొటో తీయమన్నాడు.

స్టేడియం బయటి నుంచి చూస్తే నిరాశే. ఏదో పెద్ద గోడౌన్ అనిపిస్తుంది. గేటు ఊచల్లోంచి లోపలికి చూశాక గుండె జారింది. మనం నిలబడ్డది పైవరసల దగ్గర, మైదానమేమో కింద ఎక్కడో బావిలో. 1927లో నేలను తవ్వి కట్టారు. అప్పట్లో 1,09,901 మంది పట్టేవారు, ఆ ఊరి జనాభాకు దగ్గరగా. మన లాల్ బహదూర్ స్టేడియాలు మూడు తెచ్చి పెట్టొచ్చు. 1975 నుంచి అప్పటిదాకా ఒక్క మ్యాచ్‌కు కూడా జనం లక్షకు తగ్గలేదట. అలాంటిది ఆ సీజన్‌లో, రెండు కూల్ డ్రింక్ బాటిళ్ళు కొంటే రెండు టికెట్లు ఇచ్చారని చెప్పేటప్పుడు బావ గొంతు పూడుకుపోయింది. ఓటమి కన్నా ఆ బాటిళ్ళే ఎక్కువ బాధించినట్టున్నాయి. కుర్రాళ్ళు నిరసనలు చేశారు, యూనివర్సిటీ ఆటల వ్యవహారాలన్నీ చూసే అథ్లెటిక్ డైరెక్టర్ రాజీనామా చేశాడు. తాత్కాలికంగా ఆ కుర్చీలో కూర్చున్నాయన జిమ్ హాకెట్, ఆఫీసు ఫర్నిచర్ కంపెనీ నడిపిన మనిషి. ఆయనా ఒకప్పుడు బో దగ్గర ఆడినవాడే.

రోడ్డు దాటితే పయనీర్ హైస్కూల్. హార్బా చదువుకున్న బడుల్లో అదొకటి. బడి గేటు నుంచి స్టేడియం గోడ కనబడుతుంది. రైల్లో పెద్దాయన చెప్పింది అప్పుడు బుర్రకెక్కింది. వాళ్ళ లెక్కలో ఆయన ఎక్కడికీ రావడం లేదు, ఇంటికి వస్తున్నాడంతే. 1986లో మిషిగన్ జట్టులో క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి విసిరి ఆట నడిపించే ఆటగాడిగా ఉన్నప్పుడు, ఒహాయో మీద గెలిచి తీరతామని ముందే మాటిచ్చి 26-24తో గెలిచాడట. తర్వాత 2007లో, స్టాన్‌ఫర్డ్ కోచ్‌గా ఉండగా, మిషిగన్ వాళ్ళు ఆటగాళ్ళను తేలిక చదువుల్లోకి తోస్తారని విమర్శించి తిట్లు తిన్నాడు కూడా. "మరి అది?" అన్నాను. "మనోళ్ళు అలాగే అంటారులే" అన్నాడు బావ.

ఆ రాత్రి పన్నెండింటికి నిద్ర పట్టక ఫోన్ తెరిచాను. చూసింది ఏమిటో చెప్పడానికి సిగ్గుగా ఉంది. విమానాలు.

మంగళవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు ప్రెస్‌మీట్. వచ్చాడు. నీలం కోటు, ఖాకీ ప్యాంటు. ఏడేళ్ళ ఒప్పందం, ఏటా 50 లక్షల డాలర్లు. అంటే శాన్‌ఫ్రాన్సిస్కోలో వచ్చినంతే. బావ ముక్కు ఎగబీలుస్తున్నాడు, జలుబట. అత్తయ్య పులిహోర గిన్నె చేత్తో పట్టుకుని టీవీ ముందు నిలబడి, "ఎన్ని కోట్లు ఇచ్చినా ఆ ప్యాంటేనా?" అంది. మైదానంలోనూ ఆయన ఎప్పుడూ అదే ప్యాంటని బావ గర్వంగా చెప్పాడు.

మామయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు.

"ముందున్నాయన్ని తెచ్చినప్పుడు కూడా ఇంత సంబరం చేశారట్రా?"

బావ కాసేపాగి చెప్పాడు. బ్రేడీ హోక్ అంతకుముందు ఇక్కడే అసిస్టెంట్ కోచ్. 2011లో పిలిచినప్పుడు, శాన్‌డియాగో నుంచి నడిచైనా వచ్చేవాడినన్నాడు. మొదటి ఏడాది 11 మ్యాచ్‌లు గెలిచాడు. తర్వాత 8, 7, ఆపైన 5.

"అయితే ఆయనా మనోడే కదా" అన్నాడు మామయ్య.

బావ టీవీ సౌండ్ పెంచాడు.

సాయంత్రం రైలుకు బావ తన నీలం జాకెట్ ఇచ్చి పంపాడు. ఎర్ర స్వెట్టర్ బ్యాగులో అడుగున పెట్టాను. జాక్సన్ దాటుతుండగా నెల్లూరువాడి మెసేజ్ వచ్చింది: "మనోడు హ్యాండిచ్చాడు." ఎవరి మనోడు అని రాయబోయి, చెరిపేసి, ఫోన్ జేబులో పెట్టుకున్నాను.