ఈ గదిలో గీత ఎక్కడుంది?

మా అక్క కూతురు పరీక్షకు చదువుతూ "గీత, ఆకృతి, ఘనరూపం, వెలుగునీడ, రంగు, టెక్స్చర్, స్థలం" అని ఏడు పేర్లూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. దృశ్యకళలకు మూలాంశాలు ఇవేనని పాఠం. "సరే, ఈ గదిలో గీత ఎక్కడుందో చూపించు" అన్నాను. బల్ల అంచు చూపించింది. దగ్గరికి వెళ్లి వేలితో తాకి చూడమన్నాను. తాకింది. అక్కడ గీత లేదు. బల్ల అయిపోయి, వెనక గోడ మొదలైన చోటు మాత్రమే ఉంది. బల్ల ముదురుగా ఉంది, గోడ లేతగా ఉంది. ఆ రెండూ కలిసే చోట మన కన్ను ఒక గీతను ఊహించుకుంటోంది.

"మరి పుస్తకంలో మొదటి పేరే గీత కదా పిన్నీ?" అంది.

ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాసుకుంటున్నాను.

నాది రోజంతా అంకెలతో గడిచే ఉద్యోగం. బొమ్మలు వెయ్యడం ముప్పై ఎనిమిదో ఏట మొదలుపెట్టాను. నాకు నేర్పిన మాష్టారు శిల్పి. మొదటి ఆదివారం ఆయన గది మధ్యలో ఒక చెక్క కుర్చీ పెట్టి, "కుర్చీని వెయ్యకండి. కుర్చీ కాళ్ల మధ్య, చేతుల మధ్య కనిపిస్తున్న ఖాళీలను వెయ్యండి" అన్నారు. నాకు అర్థం కాలేదు. కుర్చీకి నాలుగు కాళ్లు, నాలుగూ ఒకే పొడుగు, కూర్చునే పలక చదరం. ఇవన్నీ నాకు తెలిసిన విషయాలు కాబట్టి అవే వేశాను. కాగితం మీద కుర్చీ విరిగి పడినట్టు వచ్చింది. రెండోసారి ఆయన చెప్పినట్టు, వెనక కాలికీ ముందు కాలికీ మధ్యనున్న ఖాళీని ఒక వింత ముక్కగా చూస్తూ దాన్నే వేశాను. ఆ ముక్క పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంది. దాని పక్క ముక్క దాదాపు త్రిభుజం. అలా ఆరు ఖాళీలు పూర్తయ్యేసరికి వాటి నడుమ, నేను వెయ్యని కుర్చీ నిటారుగా నిలబడి ఉంది. ఖాళీలకు పేర్లుండవు, వాటి గురించి మనకు ముందే తెలిసిందేమీ ఉండదు. అందుకే వాటిని ఉన్నవి ఉన్నట్టుగా చూడగలం. ఏడు పేర్లలో చివరిదైన స్థలాన్ని నేను మొదటి రోజే అలా కలుసుకున్నాను.

మళ్లీ గీత దగ్గరికి వస్తాను. ప్రకృతిలో గీత లేదన్నది నిజమే. కానీ మనిషి దాన్ని ఎంత ముందుగా కనిపెట్టాడో చూడండి. ఫ్రాన్సులో 1994లో బయటపడిన షోవే గుహ గోడల మీద ముప్పై వేల ఏళ్లకు పైబడిన బొగ్గు బొమ్మలున్నాయి. వాటిలో గుర్రాల తలలు ఒకదాని వెనక ఒకటి వరుసగా కనిపిస్తాయి. నిజమైన గుర్రం చుట్టూ నల్లటి గీత ఎక్కడా ఉండదు. అయినా ఆ రోజుల్లో ఎవరో ఒక అంచును గీతగా మార్చారు, ఇన్ని వేల ఏళ్ల తర్వాత మనం చూసి వెంటనే గుర్రం అంటున్నాం. గీత అంటే ఒక ఒప్పందం. చూసేవాడికీ గీసేవాడికీ మధ్య, మాటలు లేకుండా కుదిరిన ఒప్పందం.

గీతకు బరువు కూడా ఉంటుంది. నేల మీద ఆనిన వైపు కాస్త ఒత్తి గీసి, వెలుతురు పడే వైపు తేల్చి వదిలేస్తే, ఏ నీడా వెయ్యకుండానే వస్తువు నేల మీద కూర్చుంటుంది. పెన్సిళ్ల మీద ఉండే హెచ్, బీ అక్షరాల సంగతీ ఇక్కడే చెప్పాలి. గ్రాఫైటు పొడిలో బంకమన్ను కలిపి కాల్చే పద్ధతికి ఫ్రాన్సులో కోంటే అనే ఆయన 1795లో పేటెంటు హక్కులు పొందాడు. మన్ను ఎక్కువైతే పుల్ల గట్టిపడి లేత గీత వస్తుంది, అది హెచ్. తక్కువైతే మెత్తబడి నల్లటి గీత వస్తుంది, అది బీ. మొదలుపెట్టేవాళ్లకు మధ్యరకమైన హెచ్‌బీ ఒకటి, మెత్తని 4బీ ఒకటి చాలు.

ఆకృతికీ ఘనరూపానికీ తేడా ఒక్క మాటలో చెప్పవచ్చు. వృత్తం ఆకృతి, బంతి ఘనరూపం. వృత్తాన్ని బంతిగా మార్చేది వెలుగునీడ. ఏడు పేర్లలో అందరూ తొందరగా దాటేసేది దీన్నే. నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

దీన్ని ఒక కోడిగుడ్డుతో నేర్చుకున్నాను. తెల్ల కాగితం మీద తెల్ల గుడ్డు, ఎడమ వైపు కిటికీ. మాష్టారు పెట్టిన నియమం ఒక్కటే: చుట్టూ గీత గియ్యకూడదు. గంటన్నరసేపు చూశాను. గుడ్డు తెల్లగా ఉందని అనుకుంటాం కానీ, నిజంగా తెల్లగా ఉన్నది కిటికీ వైపు చిన్న మచ్చంత చోటే. అక్కడి నుంచి బూడిద రంగు మొదలై మెల్లగా ముదురుతూ వెళుతుంది. కుడి వైపుకు వెళ్లేకొద్దీ ఇంకా ముదురుతుందనుకున్నాను, అలాగే పెన్సిలు రుద్దుకుంటూ వెళ్లాను. మాష్టారు వచ్చి ఏమీ అనకుండా, గుడ్డు కింది తెల్ల కాగితాన్ని తీసి అక్కడ నల్ల బట్ట పెట్టారు. గుడ్డు కుడి అంచు చటుక్కున చీకటయింది. మళ్లీ తెల్ల కాగితం పెట్టారు. అంచు వెలిగింది. కాగితం మీద పడిన వెలుతురు పైకి తిరిగి, గుడ్డు అడుగు భాగాన్ని తాకుతోంది. అంటే గుడ్డు మీద అన్నిటికన్నా ముదురు చోటు అంచున లేదు, అంచుకు కొంచెం లోపలగా ఒక పట్టీలా ఉంది. దాని అవతల ఒక మసక వెలుగు, ఆ తర్వాత కాగితం మీద పడిన నీడ. ఆ మసక వెలుగును వదిలిపెట్టగానే నా బొమ్మలోని గుడ్డు కాగితం మీద నుంచి లేచింది. ఇంతకాలం చూస్తూ కూడా దాన్ని చూడలేదే అని చాలాసేపు మనసు ఒకలా అయిపోయింది.

విష్ణుధర్మోత్తర పురాణంలో చిత్రసూత్రం అనే భాగం ఉంది. మార్కండేయుడు వజ్రుడనే రాజుకు చిత్రలేఖనం గురించి చెబుతాడు. అందులో ఒక శ్లోకం భావం ఇది: ఆచార్యులు రేఖను మెచ్చుకుంటారు, విచక్షణ ఉన్నవాళ్లు వర్తనను మెచ్చుకుంటారు, స్త్రీలు అలంకారాన్ని కోరతారు, తక్కిన జనం రంగుల నిండుదనాన్ని ఇష్టపడతారు. వర్తన అంటే నీడలు దిద్దడమే. స్త్రీల గురించి చెప్పిన మాటను నేను ఒప్పుకోను. నేను స్త్రీనే, నాకు కావలసింది వర్తన. మిగతాది మాత్రం ఇప్పటికీ అక్షరాలా నిజం. ఏ ప్రదర్శనలోనైనా జనం ముందుగా రంగుల దగ్గర ఆగుతారు.

రంగు లేకుండా బొమ్మ ఎంత దూరం వెళ్లగలదో తెలియాలంటే పికాసో గెర్నికా చూడాలి. 1937లో స్పెయిన్‌లో అదే పేరున్న ఊరి మీద జరిగిన బాంబుదాడి గురించి వేసిన బొమ్మ అది. ఎత్తు మూడున్నర మీటర్లు, వెడల్పు దాదాపు ఏడు మీటర్ల డెబ్భై ఐదు సెంటీమీటర్లు. అంత పెద్ద బొమ్మలో నలుపు, తెలుపు, బూడిద రంగులే కనిపిస్తాయి. మంటలున్నాయి, ఎరుపు లేదు. చచ్చిన బిడ్డను ఎత్తుకున్న తల్లి ఉంది, రక్తం రంగు లేదు. ఎరుపు పెట్టి ఉంటే మన కళ్లు ఆ ఎరుపు దగ్గరే ఆగిపోయేవని నా నమ్మకం.

రంగు అంటే నాకు గౌరవం లేదని అనుకోకండి. రంగు గురించి నాకు తెలిసిన గొప్ప సంగతి అద్దకం పని దగ్గర బయటపడింది. పారిస్‌లో గోబెలిన్స్ అనే ప్రసిద్ధ నేత కార్ఖానా ఉంది. అక్కడి నల్ల దారం వెలసినట్టు కనిపిస్తోందని ఫిర్యాదులు వస్తే, షెవ్రాల్ అనే రసాయన శాస్త్రవేత్త పరీక్షించాడు. అద్దకంలో లోపం లేదని తేలింది. ఆ నలుపు పక్కన నేసిన రంగుల వల్ల కంటికి అది అలా కనిపిస్తోంది. అంటే ఏ రంగూ ఒంటరిగా ఉండదు, పక్కన ఉన్నదాన్ని బట్టి మారిపోతుంది. దీని మీద ఆయన 1839లో పెద్ద పుస్తకమే అచ్చువేశాడు. ఇది ఎవరైనా చూసుకోవచ్చు. ఒకే బూడిద రంగు కాగితం నుంచి రెండు ముక్కలు కత్తిరించి, ఒకటి నల్ల అట్ట మీద, ఇంకొకటి పసుపు అట్ట మీద పెట్టండి. నలుపు మీదిది లేతగా, పసుపు మీదిది ముదురుగా కాస్త ఊదా కలిసినట్టు కనిపిస్తుంది. మా అక్క కూతురు అవి ఒకే కాగితానివని నమ్మలేదు. రెండింటినీ తీసి పక్కపక్కన పెట్టి చూపిస్తేనే నమ్మింది.

టెక్స్చర్ అంటే పైతలం తీరు, గరుకా నునుపా అన్నది. అది రెండు రకాలు. చేత్తో తాకితే తెలిసేది ఒకటి, కంటికి మాత్రమే తెలిసేది ఇంకొకటి. డచ్ చిత్రకారుడు వాన్ గో తైలవర్ణాలను మందంగా పూసిన చోట రంగు గట్టుకట్టి నిలబడి ఉంటుంది, అది మొదటిది. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1502లో నీటి రంగులతో వేసిన కుందేలు రెండోది. కాగితం చదునుగానే ఉంటుంది కానీ, చెవుల మీది పొట్టి వెంట్రుకలు, మెడ దగ్గరి మెత్తని బొచ్చు, మీసాలు వేటికవే వేరుగా తెలుస్తాయి. దాని కంటిలోకి దగ్గరగా చూస్తే ఒక చిన్న కిటికీ ప్రతిబింబం ఉంటుంది. నా గుడ్డుకు ఎడమ వైపున్న కిటికీ లాంటిదే.

స్థలం విషయంలో చాలామంది ఒకే దారి ఉందనుకుంటారు. దూరానికి వెళ్లేకొద్దీ గీతలన్నీ ఒక బిందువులో కలిసిపోయే పద్ధతి ఇటలీలోని ఫ్లారెన్సులో బ్రూనెలెస్కీ అనే వాస్తుశిల్పి ప్రయోగాలతో మొదలైంది. 1435లో ఆల్బెర్టి అనే పండితుడు దాన్ని గ్రంథంగా రాశాడు. అది గొప్ప కనుగోలే. కానీ పర్షియా, మొగలుల చిన్న బొమ్మల్లో తివాచీ పైనుంచి చూసినట్టు, గోడ ఎదురుగా నిలబడి చూసినట్టు, రెండూ ఒకే బొమ్మలో ఉంటాయి. చీనా కొండల బొమ్మల్లో రంగు తాకని కాగితమే పొగమంచు అవుతుంది. వీటిని "లోతు తెలియనివాళ్లు వేశారు" అనేవాళ్లతో నాకు గట్టి పేచీ ఉంది. వాళ్లు ఒక చోట నిలబడి చూడాలని అనుకోలేదు, అంతే.

జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ వేసిన పెద్ద అల బొమ్మ చాలామంది చూసే ఉంటారు. సుమారు 1831 నాటిది. ఆయనకప్పుడు డెబ్భై ఏళ్లు. పాతిక సెంటీమీటర్ల ఎత్తు, ముప్పై ఏడు సెంటీమీటర్ల వెడల్పున్న కాగితంలో సముద్రమంతా పట్టింది. మీరు మళ్లీ చూసినప్పుడు అలను చూడకండి. అల కింద ఉన్న ఖాళీని చూడండి. ఆ గుంటలో, దూరంగా, ఫూజీ కొండ చిన్న అలలా కూర్చుని ఉంటుంది. దేశంలోకెల్లా ఎత్తైన కొండ నురగ కింద ఇమిడిపోయింది. ఆ ముదురు నీలం బెర్లిన్‌లో పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో పుట్టిన కృత్రిమ రంగు. అది ఓడలెక్కి జపాన్ దాకా వెళ్లింది.

ఆ బొమ్మ కుంచెతో వేసింది కాదు, చెక్క అచ్చులతో తీసింది. ఏ పదార్థంతో చేశారన్నదాన్ని బట్టి ఈ ఏడింటిలో ఏది పైకి వస్తుందో మారుతుంది. అందుకే కళారూపాల జాబితాను కూడా వట్టి జాబితాగా చదవకూడదు. అచ్చు బొమ్మలో ఒక్కో రంగుకు ఒక్కో చెక్క చెక్కాలి కాబట్టి ఆకృతులు తేటగా, తక్కువగా ఉంటాయి. ఒకే బొమ్మకు చాలా ప్రతులు వస్తాయి, అవన్నీ అసలువే. కంచు విగ్రహాన్ని, మైనపు బొమ్మ చుట్టూ మట్టి మూస కట్టి, మైనం కరిగించి తీసేసి ఆ ఖాళీలో కంచు పోసే పద్ధతిలో చేస్తే దీనికి విరుద్ధం: మట్టి మూసను పగలగొట్టాలి, కాబట్టి అలాంటి విగ్రహం ఇంకొకటి ఉండదు. చోళుల నటరాజు చుట్టూ ఉన్న జ్వాలావలయం లోపలి ఖాళీని చూసినప్పుడల్లా నాకు ఆ కుర్చీ గుర్తుకొస్తుంది. ఛాయాచిత్రం పూర్తిగా వెలుగునీడల మీద బతుకుతుంది. వాస్తుకళలో స్థలం మన చుట్టూ ఉంటుంది, దాని లోపలికి నడిచి వెళ్లాలి.

శిల్పంలో నీడను ఎవరూ పుయ్యరు. శిల్పి రాయిని తొలుస్తాడు, నీడ తనంతట తాను వచ్చి అక్కడ కూర్చుంటుంది. మైకెలాంజెలో డేవిడ్ విగ్రహం ఐదు మీటర్లకు పైగా ఎత్తున్న తెల్ల పాలరాయి. ఆ కళ్లకు నల్లగుడ్డు ఎక్కడి నుంచి వచ్చింది? కనుపాప ఉండవలసిన చోట రాయిని లోతుగా తొలిచాడు. ఆ గుంటలోని చీకటే దూరం నుంచి చూపు అవుతుంది. ఇది చెప్పిన రోజున మా మాష్టారు తన వేలిని బంకమన్ను ముద్దలో గుచ్చి తీసి, ముద్దను కిటికీ వైపు తిప్పారు. మట్టి ముద్ద మమ్మల్ని చూసింది.

పరీక్షకు ముందు రోజు రాత్రి అమ్మాయి చేత పుస్తకం మూయించి, బల్ల మీద తెల్ల కాగితం పరిచి, గుడ్డు పెట్టి, పక్కన దీపం వెలిగించాను. నేనేమీ చెప్పలేదు. ఇరవై నిమిషాలు పెన్సిలు ముట్టుకోకుండా చూసింది. తర్వాత తన అరచేతిని గుడ్డుకు కుడి పక్కన, తాకీ తాకనట్టు పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది.

"పిన్నీ, నా చెయ్యి పెడితే గుడ్డు ఈ పక్క కొంచెం ఎర్రగా అవుతోంది" అంది.