తిబిలిసి సంతలో హీలియోస్ లెన్సుల మధ్య

జార్జియా రాజధాని తిబిలిసి వెళ్లినవాళ్లు నరికల కోట ఎక్కుతారు, గంధకపు వేడినీళ్ల స్నానాలు చేస్తారు. నేను మాత్రం శనివారం పొద్దున్నే డ్రై బ్రిడ్జి సంతకి వెళ్లాను. పాత సోవియట్ కెమెరా లెన్సులంటే నాకు ప్రాణం. నెట్‌లో ఫొటోలు చూడటం వేరు, చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూడటం వేరు.

ఆ వంతెన 1851లో కట్టింది. ఒకప్పుడు దాని కింద మత్క్వారి నది పాయ పారేది, 1930లలో దాన్ని పూడ్చేశారు. సోవియట్ యూనియన్ కూలిపోయాక జీతాల్లేక, కరెంటు లేక, జనం ఇంట్లో ఉన్నవన్నీ ఇక్కడికి తెచ్చి అమ్ముకున్నారు. పతకాలు, వెండి చెంచాలు, పింగాణీ, కెమెరాలు. ఆ సంతే ఇప్పటికీ సాగుతోంది. ఇక్కడి ప్రతి వస్తువూ ఎవరో ఒకరి ఇంట్లోంచి వచ్చిందే అనుకుంటే చేయి కాస్త జాగ్రత్తగా వేయాలనిపిస్తుంది.

తోడుగా మా అక్క కూతురు వచ్చింది. ఈ ఊళ్లో మెడిసిన్ చదివే మన తెలుగు పిల్లల్లో తనూ ఒకతి. కాస్త జార్జియన్, కొంచెం రష్యన్ నేర్చుకుంది, బేరాలకి అదే ఆసరా.

ఒక పెద్దాయన పాత కారు బానెట్ మీద గుడ్డ పరిచి లెన్సులు పెట్టాడు. వాటిలో హీలియోస్-44-2 అనే సోవియట్ లెన్సులే అరడజను దాకా ఉన్నాయి.

"మామయ్యా, అన్నీ ఒకటేగా? ఏదో ఒకటి తీసేసుకో" అంది.

పేరు ఒకటే, పుట్టిల్లు వేరు. అన్నీ 58 ఎంఎం లెన్సులే, వెలుతురు లోపలికొచ్చే రంధ్రం (అపర్చర్) పూర్తిగా తెరిస్తే ఎఫ్/2. డిజైన్‌కి మూలం జర్మనీలోని జీస్ వాళ్ల బయోటార్. కానీ ఈ లెన్సును మాస్కో పక్కనున్న క్రాస్నోగోర్స్క్‌లోనూ, మిన్స్క్‌లోనూ, వాల్దాయ్‌లోనూ తయారుచేశారు. క్రాస్నోగోర్స్క్‌ది గుర్తుపట్టడం తేలిక. ముందు రింగు మీద చిన్న ప్రిజం, దాని గుండా పోయే కిరణం ఉంటాయి. ఆ రింగు మీదే సీరియల్ నంబరు. చాలావాటికి మొదటి రెండంకెలు తయారైన సంవత్సరం. 76తో మొదలైతే 1976 అన్నమాట. అన్ని ఫ్యాక్టరీలూ ఎప్పుడూ ఈ పద్ధతే పాటించలేదు కాబట్టి నంబరు చదివే ముందు లోగో చూడాలి. పేరు రష్యన్ అక్షరాల్లో ఉంటే దేశం లోపల అమ్మకానికి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటే ఎగుమతికి చేసింది.

అయితే ఆ రింగు మరతో బిగించేది. విప్పి ఇంకో లెన్సుకి పెట్టడం ఎంతసేపు? అందుకే నేను లెన్సును వెనక్కి తిప్పి, ఫోన్ టార్చ్ వేసి, ఆ రంధ్రాన్ని చిన్నదీ పెద్దదీ చేసే అపర్చర్ బ్లేడ్లు లెక్కపెడతాను. తొలినాటి వెండిరంగు హీలియోస్-44కి 13 ఉంటాయి. 44-2కి 8. ఆటోమేటిక్ అపర్చర్‌తో వచ్చిన 44ఎం-4 లాంటి తర్వాతి వాటికి 6. రింగు ఒకటి చెప్పి బ్లేడ్లు ఇంకొకటి చెబితే, నేను బ్లేడ్ల మాటే నమ్ముతాను.

కాస్త అవతల ఇంకొకాయన దగ్గర మిర్-1 దొరికింది. 37 ఎంఎం లెన్సు. ముందు రింగు మీద "గ్రాండ్ ప్రి బ్రస్సెల్స్ 1958" అని చెక్కి ఉంది. అది 1958లో చేసిందని ఆయన గట్టిగా చెప్పాడు. ఆ ఏడు బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలో ఈ లెన్సుకి బహుమతి వచ్చింది, ఆ గౌరవాన్ని తర్వాత కూడా ఏళ్ల తరబడి చెక్కుతూనే పోయారు. పక్కనే సీరియల్ 69తో మొదలవుతోంది. మా మేనకోడలు రష్యన్‌లో ఆ రెండంకెలూ చదివి వినిపిస్తే, ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి తల ఊపాడు.

బంగారు పూతతో మెరిసే "లైకా"ల దగ్గర నేను ఆగలేదు. అవి ఫెడ్, జోర్కి అనే సోవియట్ కెమెరాలకి జర్మన్ లైకా వేషం వేసినవి. ఆగాల్సిన చోటు జూపిటర్-11 అనే లెన్సు దగ్గర. ఇది జోర్కికీ వచ్చింది, జెనిత్ అనే ఇంకో సోవియట్ కెమెరాకీ వచ్చింది. రెంటికీ 39 ఎంఎం మరే. కానీ మౌంటు (లెన్సు బిగించే చోటు) నుంచి ఫిల్ముకి దూరం జోర్కిలో 28.8 ఎంఎం, జెనిత్‌లో 45.2. జోర్కి లెన్సు జెనిత్ బాడీకి చక్కగా బిగుస్తుంది, దూరపు దృశ్యం మాత్రం ఫోకస్ కాదు. అక్కడ ఒక జెనిత్‌కి అలాంటి లెన్సే బిగించి పెట్టారు. వెనకవైపు దూరాన్ని కొలిచే రేంజ్‌ఫైండర్‌ని కదిలించే లోహపు అంచు ఉంటే అది జోర్కిది.

చివరికి కొన్నది మొదటి పెద్దాయన దగ్గరి వెండిరంగు హీలియోస్-44. ప్రిజం గుర్తు, సీరియల్ మొదట 62, పదమూడు బ్లేడ్లూ ఉన్నాయి. పక్కనే ఎర్రటి రష్యన్ 'ప' అక్షరం, అంటే అద్దాలకి కోటింగ్ ఉన్నట్టు. ఫంగస్ లేదు. బ్లేడ్ల మీద నూనె మెరుస్తుంటే మా మేనకోడలు వద్దంది. ఇందులో బ్లేడ్లు స్ప్రింగుతో కదలవు, చేత్తో తిప్పే రింగుతో కదులుతాయి. కాబట్టి నూనె ఉన్నా అంటుకుపోయి మొరాయించవు. అదే నూనె 44ఎం మీద ఉంటే నేనూ వదిలేసేవాణ్ని.

అడాప్టర్‌తో నా డిజిటల్ కెమెరాకి బిగించి అటునుంచి రుస్తవేలి వీధికి నడిచాం. చెట్ల ముందు తనని నిలబెట్టి ఎఫ్/2లో తీస్తే వెనకాల ఆకులన్నీ సుడి తిరిగినట్టు వచ్చాయి. దీపాలు వెలిగాక అపర్చర్ ఎఫ్/4కి తగ్గించి తీశాను. దూరంగా ఫోకస్ తప్పిన దీపాలు అప్పటికీ గుండ్రంగానే ఉన్నాయి. ఆరు బ్లేడ్ల లెన్సులో అవి ఆరు మూలలతో వచ్చేవి.